ఇల్లెక్కడ, రచ్చ యెక్కడ?

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు. తెలుగునాట ఈ సామెత వినని చెవి లేదు. పిల్లవాడు పొరుగూరి పందానికి ఉత్సాహపడితే తాతగారు ఈ మాటే అంటారు. ఇల్లు చక్కదిద్దుకొనలేనివాడు ఊరి పెత్తనానికి బయలుదేరితే ఇరుగుపొరుగువారు ఈ మాటే అంటారు. రచ్చ యనగా నలుగురు కూడే చోటు. సంస్కృతంలోని రథ్య, అనగా రథము నడిచే వీథి, ప్రాకృతం మీదుగా తెలుగునకు వచ్చి రచ్చ అయినదని నిఘంటుకారులు చెప్పుదురు. గడప దాటినవాడు మొదట కాలు మోపేది వీథిలోనే కదా! కనుక సామెత ఏర్పరచిన వరుస స్పష్టంగానే ఉన్నది. ముందు గడప లోపలి గెలుపు, ఆ పిమ్మట గడప బయటి గెలుపు.

వరుస చక్కనిదే. కాని లోకంలో జరిగే సంగతులన్నీ ఆ వరుసకు లోబడి జరుగవు. సొంత మైదానంలో వరుసగా ఓడిన జట్టు సముద్రాలు దాటిపోయి గెలిచిన సందర్భం ఉన్నది. పరాయి దేశంలో మొదటి పోటీలోనే నవ్వులపాలైన జట్టు, అదే యాత్ర ముగిసేనాటికి విజయం చేతబట్టుకొని తిరిగివచ్చిన సందర్భమూ ఉన్నది. వీటిని చూచి సామెత తప్పనవలెనా? లేక, సామెతలోని ఇల్లు అన్న మాటకు ఇన్నాళ్లూ మనం చెప్పుకొన్న అర్థమే చాలదనవలెనా? ఈ ప్రశ్న క్రికెట్టు ఆటతో ముగిసేది కాదు. ఏటేటా తన పిల్లలను చదువులకూ ఉద్యోగాలకూ దూరపుటూళ్లకు పంపుచున్న గోదావరి డెల్టాకు ఇది సొంతింటి ప్రశ్న.

మొదట తెలుగువారి జట్టు సంగతి. 2008లో ఐ.పి.ఎల్. పోటీలు ఆరంభమైనప్పుడు హైదరాబాదు పక్షాన దక్కన్ ఛార్జర్స్ అనే జట్టు బరిలోకి దిగినది. గిల్‌క్రిస్ట్, లక్ష్మణ్ వంటి పేరుమోసిన ఆటగాండ్లకు అందులో లోటు లేదు. ఐనను ఆ యేడు ఆడిన పదునాలుగు పోటీలలో గెలిచినవి రెండే. ఎనిమిది జట్లలో దక్కినది ఎనిమిదవ స్థానం. ఆ రెండు గెలుపులూ బొంబాయి, మద్రాసు నగరాల జట్ల మీద వారి వారి ఊళ్లలో సాధించినవి. హైదరాబాదులో, తనవారి కేకల నడుమ ఆడిన పోటీలలో ఒక్కటైనా గెలవలేదు.

మరుసటి యేడు, 2009లో, సార్వత్రిక ఎన్నికల మూలంగా ఆ పోటీలను దక్షిణాఫ్రికాకు తరలించవలసి వచ్చినది. ఇంట ఓడిన జట్టుకు ఇక ఇల్లే లేకుండా పోయినది. గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో ఆ జట్టు మే 24వ తేదీన జోహాన్నెస్‌బర్గులో బెంగుళూరు జట్టును 6 పరుగుల తేడాతో ఓడించి విజేతగా నిలిచినది. ఏడాది క్రితం అట్టడుగున ఉన్న జట్టు తలమానికమైనది. ఇంట ఓడి రచ్చ గెలిచినదన్నమాట!

ఈ ఉదాహరణ ఒక్కటే చూపి సామెతను త్రోసిపుచ్చితే అది తొందరపాటగును. దక్షిణాఫ్రికాలో ఎనిమిది జట్లూ పరాయివే. ఎవరికీ సొంత మైదానం లేనిచోట ఇంటిబలం లేని లోటు ఒకరికే పరిమితం కాదు. కావున అసలైన పరీక్ష వేరొకటి కావలెను. ఎదుటివాడు తన గడ్డ మీద, తన జనం నడుమ, తనకు పుట్టినప్పటినుంచి అలవాటైన గాలిలో ఆడుచుండగా, దెబ్బతిన్న జట్టు అతనిని అక్కడే నిలువరించవలెను. అటువంటి పరీక్ష 2020 డిసెంబరులో ఆస్ట్రేలియాలో జరిగినది. అందులో డెల్టావాసులు ప్రత్యేకంగా గుర్తుంచుకొనదగిన పేరొకటి ఉన్నది.

ఆ యాత్రలో తొలి టెస్టు అడిలైడులో. తొలి ఇన్నింగ్సులో భారత జట్టుకు 53 పరుగుల ఆధిక్యం లభించినది. డిసెంబరు 19వ తేదీన రెండవ ఇన్నింగ్సు కేవలం 36 పరుగులకు ముగిసిపోయినది. టెస్టు క్రికెట్టులో భారతదేశం చేసిన పరుగులలో ఇదే అత్యల్పం. 1974లో లార్డ్సు మైదానంలో చేసిన 42 పరుగులు అంతవరకూ మన అవమానాలకు అట్టడుగు మెట్టుగా ఉండేవి. ఆ మెట్టు కూడ విరిగినది. పదకొండుమందిలో ఒక్కరికైనా రెండంకెల పరుగులు రాలేదు. హేజిల్‌వుడ్ 8 పరుగులిచ్చి 5 వికెట్లు పడగొట్టినాడు. షమీ చేయి విరిగి యాత్రకు దూరమైనాడు. నాయకుడు కోహ్లీ, తొలిబిడ్డ పుట్టే వేళ భార్య చెంత ఉండుటకు, ముందు అనుకొన్న ప్రకారమే స్వదేశానికి బయలుదేరినాడు. నాలుగు పోటీలనూ ఆస్ట్రేలియా గెలుచుకొనునని పండితులనేకులు జోస్యం చెప్పినారు. ముప్పది ఆరు అనే సంఖ్య కొన్నాళ్లపాటు దేశమంతటా పరిహాసపు మాటగా చలామణి అయినది.

సరిగ్గా వారం తిరిగేసరికి, డిసెంబరు 26న, మెల్బోర్నులో జట్టు నాలుగు మార్పులతో దిగినది. రహానే నాయకుడైనాడు. అతడు చేసిన 112 పరుగులు ఆ పోటీకి వెన్నెముక. చివరకు రనౌటైనప్పుడు, దానికి కారణమైన పరుగు కోసం పిలిచిన జడేజా మీద విసుగుపడక, అతని భుజం తట్టి వెళ్లిన రహానేను లోకం చూచినది. ఆ తట్టుట ఆ జట్టు స్వభావాన్ని ఒక్క క్షణంలో తెలిపినది. హైదరాబాదీ యువకుడు మహమ్మద్ సిరాజుకు అది మొదటి టెస్టు. ఆటోరిక్షా నడిపి కుమారుని ఆటగానిగా తీర్చిన తండ్రి నవంబరు 20న కన్నుమూసినాడు. సిరాజు అప్పటికే ఆస్ట్రేలియాలో ఉన్నాడు. కడసారి చూపునకు నోచుకొనక, తండ్రి కోరిక తీర్చుటయే కర్తవ్యమని అక్కడే నిలిచిపోయినాడు. మెల్బోర్నులో అతడు ఐదు వికెట్లు పడగొట్టినాడు. భారతదేశం 8 వికెట్ల తేడాతో గెలిచినది.

ఇక్కడికి కథ సగమే. దెబ్బతిన్నవాడు ఒక్కసారి లేచి కొట్టగలడు. దానికి రోషం చాలును. లేచి నిలబడి ఉండుటకు మాత్రం రోషం చాలదు. ఆ రెండవ గుణం బయటపడినది 2021 జనవరి 11న, సిడ్నీలో.

హనుమ విహారి 1993లో కాకినాడలో పుట్టినాడు. ఆట నేర్చినది హైదరాబాదులో. 2012లో పందొమ్మిదేండ్ల లోపువారి ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టులో ఉన్నాడు. తరువాత ఆంధ్ర జట్టుకు ఆడినాడు. 2018లో ఇంగ్లండులో ఓవల్ మైదానాన తొలి టెస్టు ఆడి 56 పరుగులు, 2019లో వెస్టిండీసులో కింగ్‌స్టన్ నగరాన 111 పరుగులు చేసినాడు. అతడాడిన 16 టెస్టులలో స్వదేశంలో జరిగినవి వ్రేళ్ల మీద లెక్కించదగినన్నే. పిచ్‌లు కఠినమైన దూరదేశాలలో మాత్రమే అతనికి పిలుపు వచ్చేది. స్వదేశంలో ఐదుగురు బౌలర్లతో ఆడదలచినప్పుడు అతని చోటే ఖాళీ అయ్యేది. రచ్చకే పుట్టిన ఆటగాడని అతనిని అనవచ్చును.

సిడ్నీలో చివరినాడు. గెలుపునకు 407 పరుగులు కావలెను. పంత్ 97, పుజారా 77 పరుగులు చేసినంతవరకు గెలుపు మీద కూడ ఆశ ఉన్నది. 272 పరుగుల వద్ద పుజారా ఐదవవాడుగా వెనుదిరిగినాడు. జడేజా బొటనవ్రేలు దెబ్బతిని ఉన్నది. విహారికి అప్పటికే పరుగు తీయుచుండగా తొడ వెనుక కండరం చిరిగినది. ఎదుటికొనకు వచ్చిన అశ్విన్ నడుమునొప్పితో ఆ ఉదయం వంగి బూట్ల త్రాళ్లు కట్టుకొనలేని స్థితిలో ఉన్నవాడు. ఒకడు పరుగెత్తలేడు, ఒకడు వంగలేడు. ఎదుట కమ్మిన్సు, స్టార్కు, హేజిల్‌వుడ్, లయన్. ఇంకా నలుబది ఓవర్లకు పైగా ఆట మిగిలియున్నది.

ఆ యిద్దరూ ఆ ఆటనంతా ఆడినారు. విహారి 161 బంతులకు 23 పరుగులు, అశ్విన్ 128 బంతులకు 39 పరుగులు. ఇద్దరూ చివరివరకు నిలిచినారు. విడివడని జంట కూర్చినవి 62 పరుగులు. వికెట్ల వద్దనున్న మైకులో అశ్విన్ విహారితో తమిళంలో మాట్లాడే మాటలు వినిపించినవి. మద్రాసులో లీగు పోటీలు ఆడిన కాకినాడ పిల్లవానికి ఆ భాష అర్థమగును. సిడ్నీ నడిబొడ్డున, చుట్టూ పదకొండుమంది ప్రత్యర్థుల మధ్య, రెండు మాటల తమిళం ఒక చిన్న ఇల్లు కట్టినదన్నమాట. ఇంటికీ రచ్చకూ నడుమ ఉన్నదనుకొన్న గోడ ఎంత పలుచనిదో ఇక్కడ తెలియవచ్చును.

ఆ పోటీ డ్రా అయినది. 23 పరుగులు! లెక్కల పట్టికలో చూచువానికి అది ఒక అల్పసంఖ్య. అటు ఆట సాగుచుండగానే ఇటు స్వదేశంలో కేంద్రమంత్రి ఒకరు 109 బంతులకు 7 పరుగులా అని ఎత్తిపొడిచి, విహారి క్రికెట్టును హత్య చేసినాడని వ్రాసినారు. ఆ వ్రాతలో ఆటగాని పేరు కూడ తప్పుగా పడినది. విహారి వాదానికి దిగలేదు. తన పేరును సరియైన రూపంలో వ్రాసి ఊరకున్నాడు. దోషం ఒక్క అక్షరంలోనే ఉన్నదా, చూపులో కూడ ఉన్నదా అన్నది చదువరులకు వదలివేసినాడు. ఇంటివారి చూపు ఎంత తొందరపాటుదో తెలుపుటకు ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. పరాయి మైదానంలో తొడ కండరం చిరిగి నిలిచినవానికి మొదటి నింద ఇంటినుంచే వచ్చినది.

ఆ డ్రా విలువ ఎనిమిది దినాల తరువాత లోకానికి తెలిసినది. సిడ్నీలో ఓడియుంటే బ్రిస్బేను పోటీకి ముందే ఆధిక్యం ఆస్ట్రేలియా పరమయ్యేది. సమానంగా నిలుచుటచేత చివరి పోటీయే నిర్ణాయకమైనది. బ్రిస్బేను మైదానంలో 1988 తరువాత ఆస్ట్రేలియా ఏ జట్టు చేతిలోనూ టెస్టు ఓడలేదు. అక్కడకు చేరేసరికి భారత జట్టు ఆసుపత్రి వార్డును తలపించినది. ఆడిన ఐదుగురు బౌలర్ల టెస్టు అనుభవమంతా కలిపినా నాలుగు పోటీలకు మించదు. వారిలో ఇద్దరికి అదే మొదటి టెస్టు. ఐనను సిరాజు రెండవ ఇన్నింగ్సులో ఐదు వికెట్లు తీసినాడు. గిల్ 91, పంత్ అజేయంగా 89 పరుగులు చేసినారు. జనవరి 19న భారతదేశం 3 వికెట్ల తేడాతో గెలిచి, యాత్రను 2-1గా ముగించినది. సరిగ్గా నెల క్రితం 36 పరుగులకు కుప్పకూలిన జట్టే ఇది.

ఆనాటి విజయచిత్రాన్ని చూచినవారు ఒక సంగతి గమనింపవలెను. బ్రిస్బేనులో విహారి ఆడలేదు. కాలు సహకరించక జట్టునుంచి తప్పుకొనవలసి వచ్చినది. అశ్విన్, జడేజా కూడ ఆడలేదు. పొత్తికడుపు కండరం పట్టిన బుమ్రా ఆడలేదు. ఆ యాత్రలో మొత్తం ఇరువదిమంది ఆటగాండ్లు టెస్టులాడినారు. గెలుపు క్షణాన మైదానంలో ఉన్నవారు కొద్దిమంది. గెలుపును సాధ్యం చేసి, గెలుపునాటికి అక్కడ లేనివారు ఎక్కువమంది. పట్టిక వ్రాసుకొను వారు మొదటివారిని లెక్కించుదురు. రెండవవారిని లెక్కించుట నేర్చుకొన్న సమాజమే ఆటను గాని, జీవితాన్ని గాని అర్థం చేసికొన్న సమాజం.

ఇది ఒక్కసారి జరిగిన అద్భుతమని కొట్టివేయుటకు వీలులేదు. 2025లో ఇంగ్లండులో ఇటువంటిదే మరొకటి జరిగినది. మూడు టెస్టులు ముగిసేసరికి భారత జట్టు 1-2గా వెనుకబడి ఉన్నది. నాల్గవది మాంచెస్టరులో. ఇంగ్లండు 669 పరుగులు చేసినది. భారత జట్టు రెండవ ఇన్నింగ్సు మొదటి ఓవరులోనే, పరుగు చేయకుండ, రెండు వికెట్లు కోల్పోయినది. ఆ స్థితినుంచి రాహుల్ 90, గిల్ 103 పరుగులు చేసి గట్టెక్కించగా, జడేజా, వాషింగ్టన్ సుందర్ చెరి ఒక శతకంతో చివరివరకు నిలిచి డ్రా చేసినారు. వారం దాటగానే ఓవల్‌లో, ఆగస్టు 4వ తేదీ ఉదయం, ఇంగ్లండుకు 35 పరుగులు చాలును, చేతిలో నాలుగు వికెట్లున్నవి. అంతకుముందు రోజు బ్రూక్ కొట్టిన బంతిని సిరాజు పట్టుకొనియు, కాలు సరిహద్దును తాకుటచే, క్యాచిని సిక్సరుగా మార్చినాడు. 19 పరుగుల వద్ద బ్రతికిన బ్రూక్ 111 చేసినాడు. మరొకడైతే ఆ తప్పిదం బరువుకు క్రుంగిపోవును. సిరాజు మరునాటి ఉదయం బంతి పుచ్చుకొని, చివరి వికెట్టు కూడ తానే పడగొట్టి, 6 పరుగుల తేడాతో గెలిపించినాడు. ఐదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీసిన అతడు అలసినాడని ఎవరూ చెప్పలేరు. యాత్ర 2-2గా సమమైనది.

రెండు యాత్రలలోనూ వరుస ఒకటే. మొదట పతనం, తరువాత నిలకడ, ఆ పిమ్మట గెలుపు. సిడ్నీ లేనిదే బ్రిస్బేను లేదు. మాంచెస్టరు లేనిదే ఓవల్ లేదు.

ఇంతమాత్రాన పరదేశం పోయిన ప్రతి జట్టూ బాగుపడునని సూత్రం కట్టరాదు. దీనికి ఎదురు సాక్ష్యం కూడ ఉన్నది. 2012 తరువాత పన్నెండేండ్లపాటు స్వదేశంలో ఒక్క టెస్టు వరుసనైనా కోల్పోని భారత జట్టు, 2024లో న్యూజిలాండు చేతిలో ఇంటనే 0-3గా ఓడినది. ఆ వెంటనే ఆస్ట్రేలియా వెళ్లి పెర్తులో 295 పరుగుల తేడాతో గెలిచినప్పుడు, ఇంట ఓడి రచ్చ గెలుచుట మనవారికి అలవాటైనదని అనేకులు సంబరపడినారు. కాని ఆ మీదట జట్టు మెట్టు మెట్టుగా దిగజారి 1-3గా ఓడి వచ్చినది. మధ్యలో బ్రిస్బేనులో దక్కిన డ్రాలో వానపాలే అధికం. మెల్బోర్నులో విశాఖపట్టణపు యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి, తండ్రి కన్నీళ్లతో చూచుచుండగా, 114 పరుగులు చేసినాడు. ఆ శతకం తెలుగువారికి పండుగే. ఐనను జట్టు ఓడినది. ఒక్కని ప్రతిభ రచ్చలో వెలుగవచ్చును గాని, అది జట్టుకు నిలకడ కాదు. వాన నిలబెట్టిన డ్రాకూ, మనిషి నిలబడిన డ్రాకూ ఉన్న భేదం తరువాతి పోటీలో తెలియును.

అట్లైన, దెబ్బతిన్న జట్టు పరాయిగడ్డ మీద బాగుపడుటకు కారణమేమి? మూడు చెప్పవచ్చును.

మొదటిది, ప్రతిష్ఠ అనే బరువు దిగిపోవుట. ముప్పది ఆరు పరుగులకు కూలిన జట్టుకు కాపాడుకొనవలసిన పరువేమీ మిగలదు. చేయవలసిన పని మాత్రం మిగులును. పరువును కాపాడుకొనువాడు ఎదుటివాని ముఖం చూచును. పని చేయువాడు బంతిని చూచును. ఇంట గెలుపు మీద గెలుపు చేసిన జట్టు తెలియకుండానే మొదటి అలవాటులో పడును. దానిని రెండవ అలవాటునకు మరల్చుటకు ఒక్కొక్కప్పుడు అవమానమే సాధనమగును.

రెండవది, చిన్న సమూహపు ఆత్మీయత. ఇంటివద్ద ఆటగాని చుట్టూ వేలాదిమంది ఉందురు. పొగడువారూ వారే, మరునాడు దిష్టిబొమ్మ దగ్ధం చేయువారూ వారే. పరదేశంలో, అందునా మహమ్మారి నిబంధనల నడుమ హోటలు గదులలో బందీలై గడిపిన ఆ యాత్రలో, ఇరువదిమంది ఒకరికొకరు మాత్రమే దిక్కు. సిడ్నీలో సిరాజును కొందరు ప్రేక్షకులు దూషించినప్పుడు అతడు సహించి ఊరకుండక అంపైర్లకు ఫిర్యాదు చేసినాడు. నాయకుడూ తోటివారూ అతని చుట్టూ నిలిచినారు. ఆట ఆగినది. దూషకులని అనుమానించిన వారిని గ్యాలరీనుంచి బయటకు పంపినారు. పరాయిచోట ఇల్లు ఏర్పడుట అనగా ఇదియే.

మూడవది అన్నిటికన్న ముఖ్యమైనది. ఇరువదిమంది గాయపడుచూ మారుచున్నను జట్టు నడిచినదంటే, ఆ యిరువదవవాడు ఎక్కడో తయారై ఉండవలెను. అతడు సిడ్నీలో తయారు కాలేదు. రంజీ పోటీలలో, లీగు మైదానాలలో, టికెట్టు కొని వచ్చేవాడు లేని ఖాళీ గ్యాలరీల యెదుట తయారైనాడు. విహారి నిలకడకు కారణం వెదుకువారు 2023 ఫిబ్రవరిలో ఇందూరులో జరిగిన రంజీ క్వార్టర్ ఫైనలును చూడవలెను. మధ్యప్రదేశ్ బౌలరు వేసిన బంతికి ఆంధ్ర నాయకుడైన విహారి ఎడమచేతి ఎముక విరిగినది. తొమ్మిది వికెట్లు పడిన తరువాత అతడు మరల వచ్చి, కుడిచేతివాటం ఆటగాడై యుండియు, విరిగిన చేతికి దెబ్బ తగులకుండ ఎడమచేతివాటంగా నిలబడి, ఒంటిచేతితో ఆడినాడు. ఆ ఇన్నింగ్సులో అతనివి 27 పరుగులు. రెండవ ఇన్నింగ్సులో కూడ అట్లే దిగినాడు. ఆంధ్ర 5 వికెట్ల తేడాతో ఓడినది. ఓడిన పోటీ గనుక అది చరిత్ర పుటలకెక్కలేదు. కాని సిడ్నీలో నిలిచిన గుణమూ ఇందూరులో నిలిచిన గుణమూ ఒకటే. లోకం చూచునప్పుడు ఒక విధంగా, చూడనప్పుడు మరొక విధంగా ఉండనిదే గుణము.

ఇందూరు మాట వచ్చినది గనుక మరొక తెలుగుబిడ్డను స్మరింపవలెను. 1932 జూన్ 25న లార్డ్సులో భారతదేశపు మొట్టమొదటి టెస్టునకు నాయకత్వం వహించిన సి.కె. నాయుడు తెలుగు కుటుంబంలో నాగపురాన పుట్టి, ఇందూరులో హోల్కరు జట్టుకు ప్రాణమైనాడు. 1953లో ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో తొలిసారి అడుగిడినప్పుడు, ఏబదియేండ్లు దాటిన వయస్సులో వచ్చి దానికి నాయకుడైనాడు. భారత టెస్టు క్రికెట్టు పుట్టినదే రచ్చలో. దాని తొలి నాయకుడు ముదిమిలో ఇంటిని వెదుకుకొనుచు వచ్చినాడు.

ఇప్పుడు సామెత వద్దకు మరలవచ్చును. ఇంట గెలువుమన్నప్పుడు పెద్దలు సొంత మైదానంలో పతకాలు గెలువుమనలేదు. ఇల్లనగా సాధన. ఇల్లనగా ఎవరూ చూడని వేళ చేసిన అభ్యాసం. అక్కడ గెలిచినవాడు రచ్చలో ఒకటి రెండు పోటీలు ఓడినను చివరకు కాలూనుకొనును. అక్కడ గెలువనివాడు పెర్తులో గెలిచినను సిడ్నీకి చేరునాటికి తేలిపోవును. సామెత తప్పలేదు. ఇంటిని మనం చిరునామాగా చదువుకొన్నాము, అంతే.

గోదావరి డెల్టాలోని రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. వరిగింజ నారుమడిలో మొలకెత్తును. ఒత్తుగా, పచ్చగా, చూడ ముచ్చటగా ఉండును. కాని నారుమడిలోనే ఉంచితే పంట పండదు. నారు పీకి, వేళ్లు తెగినను, కట్టలు కట్టి, వేరొక చేనిలో ఊడ్వవలెను. ఊడ్చిన కొన్నాళ్లు ఆ చేను చూచుటకు బాగుండదు. ఆకు పసుపెక్కి వాలును. క్రొత్తవాడు చూస్తే చచ్చిపోయినదనుకొనును. రైతు అనుకొనడు. పలుచగా నీరు నిలిపి కాచుకొనును. తెగిన వేళ్ల చోట క్రొత్త వేళ్లు పుట్టి, చేను మూన తిరిగి, నిటారుగా లేచును. అడిలైడులో ఊడ్చిన నారు, సిడ్నీలో మూన తిరిగి, బ్రిస్బేనులో పండినది. నారుమడిలోని బలం లేనిదే అది మూన తిరిగేది కాదు. మడి విడువనిదే పండేదీ కాదు.

ఈ డెల్టా పిల్లలు నేడు ఎక్కడ లేరు? అమలాపురం బిడ్డ సాత్విక్ సాయిరాజ్ 2022 మే నెలలో బ్యాంకాకులో భారత బ్యాడ్మింటను జట్టు తొలిసారి థామస్ కప్పు గెలిచినప్పుడు అందులో ఉన్నాడు. ఆ జట్టు కూడ తొలి దశలో చైనీస్ తైపీ చేతిలో ఓడి, చివరకు పదునాలుగు పర్యాయాలు విజేతయైన ఇండోనేషియాను 3-0తో గెలిచినది. ఆ వార్త వచ్చిననాడు కోనసీమ పొంగిపోయినది. అది సహజమే. కాని పేపరులో పేరు రాని పిల్లలు వేలమంది ఉన్నారు. భీమవరంనుంచి, తణుకునుంచి, రామచంద్రపురంనుంచి హైదరాబాదునకో, బెంగుళూరునకో, అమెరికాకో పోయి, మొదటి ఆరు నెలలు పరీక్షలో తప్పియో, ఉద్యోగం దొరకకయో, ముప్పది ఆరు పరుగుల స్థితిలో ఉన్నవారు. వారికి ఇంటినుంచి వెళ్లే మొదటి ప్రశ్న ఏది? ఎన్ని మార్కులు, ఎంత జీతం అన్నదే. పక్కింటివాని కొడుకు గెలిచిన గెలుపు ఆ వెంటనే వినిపించే రెండవ మాట. సిడ్నీలో నిలబడుచున్నవానిని 109 బంతులకు 7 పరుగులా అని అడిగిన ఆ మంత్రిగారికీ, ప్రతి యింటా ఈ ప్రశ్న అడిగే పెద్దలకూ తేడా ఎంతో వారే ఆలోచించుకొనవలెను.

ఇంటివారు చేయగలిగిన మేలు రెండు విధాలు. పంపుటకు ముందు నారుమడిని బాగుచేయుట ఒకటి. పాఠశాలకు ఆటస్థలం, ఊరికి గ్రంథాలయం, పిల్లవానికి ఓడిపోవుటకు కూడ అవకాశం. ఈ మూడూ లేని ఊరు తన పిల్లలు రచ్చ గెలువలేదని నిష్ఠూరమాడే హక్కు కోల్పోవును. పంపిన తరువాత పలుచగా నీరు నిలిపి కాచుకొనుట రెండవది. అనగా తొందరపడి లెక్క అడుగకుండుట, డ్రాను డ్రాగా గౌరవించుట, గెలుపు చిత్రంలో లేనివానిని కూడ లెక్కలో చేర్చుకొనుట.

ఊడ్చిన వారమునకే గట్టు మీదికి వచ్చి, ఆకు పచ్చబడలేదని చేను దున్నివేసిన రైతు ఈ డెల్టాలో ఒక్కడు లేడు. అదే రైతు ఇంటికి పోయి, దూరాన ఉన్న కొడుకుతో మాట్లాడునప్పుడు, ఆ ఓర్పు అతనితో కూడ గడప దాటి లోనికి రావలెను.